స్పష్టంగా అన్న మాట

కుట్టుమిషన్ల దుకాణం పైన, నా గది
ఫిబ్రవరి 9

పిన్నీ,

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఫోన్‌లో ఆట నియమం అడిగితే నోటికొచ్చింది చెబుతానని, కాగితం మీద అడిగితే పుస్తకం తీసి చూస్తానని నువ్వే అంటావు కదా. అందుకే కాగితం.

ముందు కబుర్లు. క్లినిక్‌లో నాకు విడిగా గది ఇచ్చారు. గది అంటే మధ్యలో ఒక తెర. ఇటు నేను, అటు ఎవరూ తొక్కని ఎక్సర్‌సైజు సైకిలు. రోజంతా పట్టేసిన భుజాలు, వంగని మోకాళ్లు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని నేను, "చంపేస్తున్నావమ్మా" అని వాళ్లు.

అసలు కబురు, నాకు ఆటకి ఇద్దరు దొరికారు! ఒకావిడ లెక్కల టీచరు, భుజం నొప్పితో వచ్చింది. రెండో ఆయనకి మా వీధి చివర తాళాల కొట్టు ఉంది. మణికట్టు విరిగి, కట్టు విప్పాక వచ్చారు. వేళ్లు సాగాలని నువ్విచ్చిన ఇరవై ముఖాల పాచిక చేతిలో పెట్టి దొర్లించమన్నాను. "దీనికి ఇరవై ముఖాలెందుకమ్మా, ఆరు చాలవా?" అన్నారు. "నేను కథ చెబుతాను, అందులో మీరొక మనిషి. ఏం చేస్తారో మీరు చెప్పండి, కుదిరిందో లేదో ఈ పాచిక చెబుతుంది" అన్నాను. ఆ మరుసటి ఆదివారం నుంచి ముగ్గురం నా గదిలో ఆడుతున్నాం. అరవైకి దగ్గరపడ్డ ఆయన పాత్ర పదహారేళ్ల దొంగపిల్ల, పేరు పిచ్చుక. ఎందుకండీ అంటే, "నలభై ఏళ్లుగా అడిగితేనే తాళం తీశాను. ఒక్కసారైనా అడక్కుండా తియ్యాలని ఉంది" అన్నారు. టీచరు పాత్ర గాయాలు మాన్పే సన్యాసిని.

ఇప్పుడు చిక్కు. తెల్లవారుజామున కోట లోపలి వాకిలి. పిచ్చుక చెరసాల తాళంచెవి కొట్టేసి ధాన్యం మూటల వెనక నక్కింది. అక్కడి నుంచి గేటుదాకా ముప్పై అడుగులు. మధ్యలో ఒక్క గోడ లేదు, స్తంభం లేదు, పొగమంచు తప్ప. మెట్ల మీద కాపలావాడు ఇటే చూస్తున్నాడు. పొగమంచులో దాక్కుంటూ వెళ్తానని ఆయన. పొగమంచు గోడ కాదు, ఆకారం కనబడుతుంది, కుదరదని టీచరు. సొంత జట్టు మనిషే అడ్డం పడుతోంది చూడు! నువ్వు మసక మూలల్లో నన్ను దాక్కోనిచ్చినట్టే గుర్తు, కానీ నా గుర్తుని నేనే నమ్మను. పుస్తకం నీ దగ్గర వదిలేసి రావడం ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు తెలుస్తోంది. కొందామంటే ఎక్కడా దొరకడం లేదు.

ఆ నియమం ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. నీ జవాబు వచ్చేదాకా ఆట ఆపేశాం. పాపం పిచ్చుక మూటల వెనక గొంతుక్కూర్చుని ఉంది. దాని మోకాళ్లకి కూడా నేనే వైద్యం చెయ్యాలేమో.

నీ
చిట్టి


ప్రెస్సుకి ఎదురిల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 20

చిట్టీ,

తాళాలాయన మీద నాకు అప్పుడే అభిమానం పుట్టింది. టీచరు మీద గౌరవం పుట్టింది. సొంత జట్టుకి నష్టమైనా న్యాయం న్యాయమే అనేవాళ్లతో కాపురం కష్టం కానీ ఆట ఆడొచ్చు.

విషయానికి వస్తాను. దాక్కోవడం వేరు, మాయమైపోవడం వేరు. మాయమైనవాడు నడివీధిలో నిలబడ్డా కనబడడు. దాక్కున్నవాడికి ఒక అడ్డం కావాలి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. పాచిక మీద పెద్ద అంకె పడగానే మాయమైపోయామనుకుంటారు. పాచిక వెయ్యడానికి అసలు అర్హత ఉందా అన్నది ముందు ప్రశ్న. పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను, అరవై ఒకటో పేజీ:

"ప్రత్యర్థికి కనబడే చోట ఎవరూ దాక్కోలేరు. అలా కనబడని చోట, అలికిడి చేయకుండా ఉన్నవారు పాచిక వేయవచ్చు."

కనబడే చోట, అంతే. ఎంత కనబడాలో పుస్తకం చెప్పలేదు. కాబట్టి ఏ కాస్త కనబడినా కనబడినట్టే. పొగమంచులో మనిషి మసగ్గా కనబడతాడు. మసగ్గా కనబడటమూ కనబడటమే. టీచరు చెప్పిందే సరి, పిచ్చుకకి పాచిక వేసే అర్హత లేదు. చిన్నప్పుడు నీకు మూలల్లో చోటిచ్చేదాన్ని అంటున్నావు. పసిదానివని చూసీచూడనట్టు వదిలేశానేమో.

ఉన్నది చదవాలి చిట్టీ, ఉండాలనుకున్నది కాదు. ముప్పై ఏళ్లుగా ఈ ఒక్క ముక్క మీదే నా ఉద్యోగం నడుస్తోంది.

ప్రెస్సులో ఇప్పుడు పుస్తకాల పని తగ్గింది. మందుపెట్టెల్లో మడిచిపెడతారే, ఆ కాగితాలే ఎక్కువ. ఆ అక్షరాలు చీమ తలకాయంత. రోజుకి నాలుగైదు నా సంతకంతో మెషీనెక్కుతాయి. అలసటగా ఉంటోంది కానీ బాగానే ఉన్నాను.

ఈసారి నీ ఉత్తరంలో తప్పులకి ఎర్రసిరా పెట్టి వెనక్కి పంపడం లేదు. పెద్దదానివయ్యావు, నీ తప్పులు నువ్వే చూసుకో.

పిన్ని


నా గది
మార్చి 8

పిన్నీ,

పిచ్చుక చచ్చిపోయింది.

నీ ఉత్తరం ఇద్దరికీ చదివి వినిపించాను. టీచరు తల ఊపింది. ఆయన రెండోసారి చదవమన్నారు. చదివాను. "సరేనమ్మా, అయితే పరిగెత్తుతుంది" అన్నారు. కాపలావాడు బాణం వేశాడు. నేనే వేశాను, వాడి తరఫున. పాచిక ఇరవై చూపించింది. సన్యాసిని గేటు బయట ఉంది, లోపలికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆయన పిచ్చుక వివరాలు రాసుకున్న కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. రెండు నెలలు ఆడిన పాత్ర కదా, ఆ కాగితం నిండా కొట్టివేతలే. చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగి, "మసగ్గా కనబడితే కనబడినట్టేనా అమ్మా?" అని అడిగారు. "మా పిన్ని ప్రూఫ్ రీడరండీ, ముప్పై ఏళ్లలో ఆవిడ చేతిమీదుగా ఒక్క ఒత్తు తప్పు పోలేదు" అన్నాను. "కాదనట్లేదు" అని వెళ్లిపోయారు. నిన్న ఆదివారం రాలేదు. టీచరూ నేనూ ఇద్దరమే కూర్చుని ఆవిడ మార్కుల పట్టికలు కూడి పెట్టాం.

నేను చేసింది సరైనదే కదా? నియమం అలా ఉంటే నేను మాత్రం ఏం చేస్తాను? అయినా మనసు బాగాలేదు.

నెలాఖరులో నాలుగు రోజులు సెలవు దొరికేట్టుంది. వచ్చెయ్యనా?

చిట్టి


వంటింటి బల్ల
మార్చి 21

చిట్టీ,

నియమం నియమమే. పాత్ర చచ్చిపోయినప్పుడల్లా నియమం తిరగరాస్తే అది ఆట కాదు, బుజ్జగింపు. ఆయన పెద్దమనిషి, తేరుకుంటారు. ఇంకో పాత్ర రాసివ్వు.

ఇప్పుడు రాకు. పని చాలా ఉంది, ఇంట్లో ఎటు చూసినా కాగితాలే. మీ అమ్మ కూడా వస్తానంటోంది, తరవాత చూద్దాం అన్నాను. నువ్వు మాట్లాడితే నేను తీరిక లేకుండా ఉన్నానని చెప్పు.

పిన్ని


నా గది
ఏప్రిల్ 14

పిన్ని గారికి,

లెక్కల టీచరు వాళ్ల బడి సామాన్ల గదిలో, విరిగిన గ్లోబుల కింద, ఆ పుస్తకమే దొరికింది. మనదే, అదే ముద్రణ, అదే అట్ట. అరవై ఒకటో పేజీ తీసి నా ముందు పెట్టింది. ఇదిగో, ఉన్నది ఉన్నట్టు:

"ప్రత్యర్థికి స్పష్టంగా కనబడే చోట ఎవరూ దాక్కోలేరు."

స్పష్టంగా! నువ్వు రాసిన వాక్యంలో ఆ మాట లేదు. నీ తీర్పు మొత్తం ఆ మాట లేకపోవడం మీదే నిలబడింది. "ఎంత కనబడాలో పుస్తకం చెప్పలేదు" అన్నావు. చెప్పింది పిన్నీ, వాక్యం మధ్యలోనే చెప్పింది. ఆ మాట ఉంటే పిచ్చుకకి పాచిక దక్కేది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నీ ముప్పై ఏళ్లని అడ్డం పెట్టి ఒక పెద్దాయన నోరు మూయించాను. ఉన్నది చదవాలని నాకు నీతులు చెప్పి, నువ్వు చేసిందేమిటి? అంత తీరిక లేనిదానివి జవాబు రాయకపోయినా పోయేది.

ఏప్రిల్ 16

పై ముక్క రాసి రెండు రోజులైంది. పోస్టు చెయ్యలేదు. చించేద్దామనుకున్నాను, కానీ నా కోపం కూడా నీకు తెలియాలని ఉంచాను.

నిన్న మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు పోయినేడాది నీ ఉత్తరాలు, ఈ ఏడాదివీ పక్కపక్కన పెట్టుకున్నాను. పోయినేటి వాటిలో నీ వరసలు అచ్చు వేసినట్టు తిన్నగా ఉన్నాయి. ఫిబ్రవరి ఉత్తరంలో చివరి పేజీ వరసలు కిందకి జారాయి. మార్చి ఉత్తరంలో అక్షరాలు రెండింతలున్నాయి, రెండు చోట్ల ఒక వరస మీద ఇంకో వరస ఎక్కింది. మూడో తరగతి నుంచి నా ఉత్తరాలకి ఎర్రసిరా పెడుతున్నావు. కాలేజీలో ఉన్నప్పుడూ వదల్లేదు. ఇప్పుడే నేను పెద్దదాన్నయ్యానా?

నేను రోజూ జనం నడక చూసి నొప్పి ఎక్కడుందో చెబుతాను. "ఏమీ లేదమ్మా" అంటూ గోడ పట్టుకుని నడిచేవాళ్లని రోజుకి నలుగురిని చూస్తాను. నీ చేతిరాత గోడ పట్టుకుని నడుస్తోంది.

పిన్నీ, నీకు అక్షరాలు కనబడుతున్నాయా?

చిట్టి


(పోస్టుకార్డు)
ఏప్రిల్ 25

చిట్టికి,
తప్పు నాదే. పుస్తకం మాటే సరైనది. ఆయనకి నా క్షమాపణ చెప్పు, పిచ్చుకని బతికించు. కళ్లద్దాలు పాతబడ్డాయి, మార్చుకుంటాను. మీ అమ్మకి ఏమీ రాయకు, అనవసరంగా హైరానా పడుతుంది.
పిన్ని


నా గది
మే 3

పిన్నీ,

కార్డు అందింది. పోస్టుకార్డు మీద ఐదు వరసలు రాస్తే నేను ఊరుకుంటాననుకున్నావా? కళ్లద్దాల దుకాణం మీ వీధిలోనే ఉంది. ఎనిమిదింటికి తెరుస్తాడు. వెళ్లాలని ఉంటే ఈపాటికే వెళ్లేదానివి.

తాళాలాయన కొట్టుకి వెళ్లాను. కొట్టు అంటే రెండు గోడల మధ్య సందు, మూడువైపులా వేలాడే తాళంచెవులు. ఆయన ఒక తాళంచెవిని ఆకురాయితో అరగదీస్తూ, చూడకుండా, బొటనవేలితో తడిమి చూసుకుంటున్నారు. మణికట్టు బాగా తిరుగుతోంది, నాకు సంతోషం వేసింది. పుస్తకం చూపించి తప్పు ఒప్పుకున్నాను. చదివి నవ్వారు.

"మీ పిన్ని అబద్ధం చెప్పలేదమ్మా. ఆవిడకి కనబడిందే రాసింది" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కొట్టు ముందు నిలబడి ఏడిస్తే బాగుండదని లోపల స్టూలు మీద కూర్చోబెట్టారు. పేర్లు, ఊళ్లు లేకుండా అడిగాను. "నాకు కావలసిన మనిషి దాక్కుందండీ. శత్రువుల నుంచి కాదు, మా నుంచే. ఆవిడ అలా దాక్కోవడం వల్ల ముక్కూమొహం తెలియని వాళ్లకి దెబ్బ తగలొచ్చు. నేను అరిచి చెప్పెయ్యనా, ఊరుకోనా?"

ఆకురాయి పక్కన పెట్టారు. తరవాత అన్నారు. "లోపల మనిషి ఉండి గడియ పడిపోయిందని నన్ను పిలుస్తారు చూడు. నేను వెళ్లగానే పనిముట్లు తియ్యను. ముందు తలుపు తడతాను. వాళ్లే తీస్తే తాళమూ దక్కుతుంది, మర్యాదా దక్కుతుంది."

"ఎంతసేపు తడతారు?"

"లోపల నుంచి గ్యాసు వాసన వస్తుంటే ఎక్కువసేపు తట్టను."

పిన్నీ, నీ దగ్గర మెషీనెక్కేవి కథల పుస్తకాలు కావు. మోకాళ్ల నొప్పులతో నా దగ్గరికి వచ్చేవాళ్లు మందుపెట్టెలోంచి ఆ కాగితం తీసి, "ఇది ఎన్నిసార్లు వేసుకోవాలమ్మా" అని అడుగుతారు. నేను ఆ కాగితం చూసి చెబుతాను. అందులో ఉన్నది వేదం అనుకుని చెబుతాను.

మీ మేనేజరుకి నేను రాయగలను. రాయలేదు. అమ్మకీ చెప్పలేదు. ఈ నెల ఇరవై వరకు తడతాను. ఇరవై ఒకటిన రైలెక్కుతాను.

నీ
చిట్టి


వంటింటి బల్ల
మే 19

చిట్టీ,

రైలెక్కనక్కర్లేదు. ఎక్కితే మాత్రం వద్దనను.

లావు పెన్నుతో రాస్తున్నాను. పేజీకి ఎనిమిది వరసలే పడుతున్నాయి. నీ గది అంతా నా కాగితాలతో నిండిపోతే నన్ను తిట్టుకోకు.

పోయిన సెప్టెంబరులో ఒకరోజు కిటికీ ఊచ మధ్యలో వంకరగా కనబడింది. ఎవరో లాగి వంచారనుకుని వెళ్లి తడిమాను. తిన్నగానే ఉంది. తరవాత పేజీ మధ్యలో ఒక మచ్చ. మచ్చ అంటే నల్లగా ఉంటుందనుకుంటావు. కాదు. అక్కడ ఏమీ ఉండదు, అంతే. మాట ఉండాల్సిన చోట ఖాళీ కూడా కనబడదు. అటూ ఇటూ ఉన్న మాటల్ని లాగి మనసే కలిపేస్తుంది. చదివినట్టే ఉంటుంది. "స్పష్టంగా" అనే మాట ఆ మచ్చలో పడింది. అది లేకపోయినా వాక్యం నిలబడింది కాబట్టి నాకు అనుమానం రాలేదు. ముప్పైసార్లు చదివిన నియమం అది. జ్ఞాపకం మీద రాసి ఉంటే సరిగ్గా రాసేదాన్ని. నీకు చోటిచ్చింది పసిదానివని కాదు, పుస్తకం ఇమ్మన్నదనే. నా జ్ఞాపకాన్ని కాదని కళ్లని నమ్మాను.

ప్రెస్సులో ఎలా నెట్టుకొచ్చానో చెబుతాను, సిగ్గుపడుతూనే. తల కొంచెం పక్కకి తిప్పితే అంచుల్లో అక్షరాలు దొరుకుతాయి. పాత మందుల కాగితాలు సగం నాకు కంఠతా వచ్చు. నా పక్క బల్ల అమ్మాయిని పైకి చదవమని, "ఊఁ, ఊఁ" అంటూ నా కాపీ చూస్తున్నట్టు నటించాను. అది చదివింది చదివినట్టు సరిపోయిందని సంతకం పెట్టాను. ఆ అమ్మాయి తప్పుని సరిచేసుకుని చదివేస్తే నాకెలా తెలుస్తుంది?

ఏప్రిల్ ముప్పైన పిల్లల జ్వరం మందు కాగితం మెషీనెక్కింది. నా సంతకంతో. మొదటి పది కాగితాలు రాగానే మెషీను నడిపే ఆయన ఒకటి పట్టుకుని వచ్చారు. పదేళ్లుగా నా ముందు నిలబడి మాట్లాడాలంటే మొహమాటపడే మనిషి.

"మేడం, చంటిపిల్లలకి ఆరు చెంచాలు పట్టమంటారా?" అని అడిగారు.

"అర చెంచా" ఉండాలి చిట్టీ. "ఆరు చెంచాలు" అని ఉంది.

నేనేమన్నానో తెలుసా? నవ్వాను. "మీరు చూస్తారో లేదోనని వదిలాను" అన్నాను. ఆయన కూడా నవ్వారు. మెచ్చుకున్నాననుకుని సంతోషంగా వెళ్లిపోయారు. నేను సీట్లో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. తప్పు పోవడం ఒక ఎత్తు, ఆయన ముందు ఆ నవ్వు ఒక ఎత్తు. ముప్పై ఏళ్లలో అంత నీచమైన పని ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ తరవాత ఆరు రోజులు కూడా పనికి వెళ్లాను. ఆ మాట నీ దగ్గర దాచను. జాగ్రత్తగా ఉంటే చాలనుకున్నాను. ఆరో రోజు నీ ఉత్తరం వచ్చింది. భూతద్దం పెట్టి గంటన్నర చదివాను. గ్యాసు వాసన దగ్గర ఆగిపోయాను.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లాను. ముందు మెషీను ఆయన్ని కూడా పిలిపించమన్నాను. ఆయన ఎదురుగానే చెప్పాను, అది పరీక్ష కాదని, నాకు కనబడలేదని. ఆయన తల దించుకున్నారు, తప్పు తనది అయినట్టు.

మేనేజరు, "ఎన్నాళ్లుగా?" అన్నారు.

"ఎనిమిది నెలలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు?"

"వేరే పనిలోకి మార్చేవాణ్ని."

"అందుకే చెప్పలేదు."

ఆయన కేకలేస్తారేమో అనుకున్నాను. వెయ్యలేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. కేకలేస్తే బాగుండుననిపించింది. ఎనిమిది నెలల్లో నేను సంతకం పెట్టిన ప్రతి కాగితం మళ్లీ చదివించారు. ముగ్గురు, తొమ్మిది రోజులు. ఇంకో రెండింట్లో తప్పులు దొరికాయి. ఒకటి అచ్చుకాలేదు. ఒకటి బయటికి వెళ్లిపోయింది. "భోజనానికి ముందు" అని ఉండాల్సిన చోట "తరవాత" అని ఉంది. ఆ పెట్టెలన్నీ కంపెనీ వెనక్కి తెప్పిస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదని అంటున్నారు. అందరూ నాకు అదే చెబుతున్నారు. ఆ మాట నా మనసుకి ఎక్కడం లేదు.

కంటి ఆసుపత్రికి కూడా వెళ్లాను. కుడికన్ను మధ్యచూపు ఇక రాదు. ఎడమది కంట్లోకే వేసే సూదిమందులతో నిలబెట్టొచ్చట, నెలకొకటి. సెప్టెంబరులోనే వచ్చి ఉంటే కుడిది కూడా దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఎంత దక్కేదని అడగలేదు.

ఉద్యోగం సంగతి ఇంకా తేల్చలేదు. ఏదైనా ఒప్పుకుంటాను.

నీకు చెప్పకుండా ఎందుకున్నానంటావేమో. మీ ఇంట్లో, మా ఇంట్లో అందరూ నన్ను ఒక్క పనికే పిలిచేవారు, చదివిపెట్టమని. అది పోతే నన్ను ఎందుకు పిలుస్తారో నాకు తెలియలేదు.

పిన్ని


నా గది
జూన్ 4

పిన్నీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను ఓదార్చే మాటలు వెతికాను, ఏవీ బాగా కుదరలేదు. నువ్వు చేసింది చిన్న తప్పని నేననను. చిన్నదని నువ్వూ అనుకోవడం లేదు కాబట్టే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. మెషీను ఆయన్ని ముందు పిలిపించావు చూడు, అక్కడ నేను ఆగి, కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను.

ఎందుకు పిలుస్తారన్నావు. నా మోకాలు చీరుకుపోయినప్పుడు నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. నువ్వు ఏం చదివిపెట్టావప్పుడు?

అమ్మకి చెప్పేశాను. కోప్పడితే కోప్పడు. "టికెట్టు ఎప్పటికి దొరుకుతుంది" అన్నది, ఇంకో మాట లేదు. నాకన్నా ముందు తనే వస్తుంది. నాకు పదిహేనో తేదీ నుంచి సెలవు.

ఇక కోట వాకిలి సంగతి. తాళాలాయన తిరిగొచ్చారు. ఏం చెయ్యాలని ముగ్గురం కూర్చుని వాదించుకున్నాం. తప్పు తీర్పు మీద జరిగింది జరగనట్టే, పొగమంచు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలని టీచరు. లెక్క తప్పితే ఆ మెట్టు నుంచే కదా మళ్లీ చేసేది అంటుంది. బాణం తగిలిన పిల్లని ఎలా లేపుతాం అని ఆయన మొహమాటం. చివరికి టీచరే గెలిచింది. అయితే "స్పష్టంగా" అంటే ఎంత అని ఇంకో గంట. చూసేవాడు అది మనిషో మూటో చెప్పగలిగితే స్పష్టంగా ఉన్నట్టు, చెప్పలేకపోతే లేనట్టు అని తేల్చుకున్నాం. ఆ పొగమంచులో కాపలావాడు చెప్పలేడు. కాబట్టి పిచ్చుకకి పాచిక ఉంది.

ఆయన పాచికని రెండు చేతుల్లో పెట్టుకుని ఊపి ఊపి వేశారు.

మూడు పడింది.

ఇరవైలో మూడు, పిన్నీ! నాలుగో అడుగులో పిచ్చుక దారిలో ఉన్న బకెట్‌ని తన్ని చప్పుడు చేసింది. అదే కాపలావాడు, అదే బాణం. మళ్లీ చచ్చిపోయింది. నేనూ టీచరూ ఆయన మొహం చూడలేకపోయాం. ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వుతున్నారు.

"ఇదీ చావంటే! ఇది నా చేతిమీదుగా పోయిందమ్మా. దీనికి నాకే బాధా లేదు" అన్నారు.

వెంటనే కొత్త కాగితం అడిగారు. ఈసారి పాత్ర, దాక్కోవడం చేతకాని ఒక లావుపాటి గాయకుడు.

చిట్టి


వంటింటి బల్ల (చెబుతున్నది మీ పిన్ని, రాస్తున్నది మీ అమ్మ)
జూన్ 11

చిట్టీ,

మొదటి సూది అయింది. రెండు రోజులు రాయొద్దన్నారు. నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. పిచ్చుక రెండో చావు దగ్గర ఇద్దరం నవ్వాం. మీ అమ్మకి అసలు ఆ ఆట ఏమిటో అర్థం కాలేదు, అయినా నవ్వింది. (అర్థమైంది. నేనంత మొద్దుని కాను. - అమ్మ)

మేనేజరు కబురు పంపారు. సంతకం పెట్టే పని ఇక లేదు. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పమన్నారు, రోజుకి రెండు గంటలు. నేను ఒక్కటే అడిగాను. ప్రతి మందు కాగితం మెషీనెక్కే ముందు, ఈ పనితో సంబంధం లేని మనిషి ఒకరు పైకి చదవాలని. మెషీను ఆయన తనే చదువుతానన్నారట. నిన్న వెళ్లి పక్కన కూర్చుని విన్నాను. ఆయన తడబడుతూ, ఒక్కో మాటా వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదువుతారు. బాగా చదివేవాళ్లు ముందుకి దూకేస్తారు, నాలాగా. ఆయన దూకరు.

ఇదివరకటిలా కాదు. బల్ల దగ్గర నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. చూశాను, అంటే అంచుల్లోంచి చూశాను. ఇంటికొచ్చి పడుకున్నాను. (అన్నం తినలేదు. ఆ మాట నాకు రాయమని చెప్పలేదు. - అమ్మ)

పదిహేనున రా. ఆట పుస్తకం తీసుకెళ్లు. అది ఇక నీ దగ్గరే ఉండాలి.

పిన్ని

చిట్టీ, ఇది నేను విడిగా రాస్తున్నాను. మీ పిన్ని పక్కగదిలో కంటికి మందు వేసుకుని పడుకుంది.

పోయిన డిసెంబరులో నేను వచ్చినప్పుడు నాకు కాఫీ పోస్తూ కప్పు పక్కన బల్ల మీద పోసింది. గుడ్డ తెచ్చి తుడిచాను. "చెయ్యి జారింది" అంది. "ఆఁ" అన్నాను. ఆ నాలుగు రోజుల్లో అది నన్ను చూసి మాట్లాడినప్పుడల్లా నా చెవి వైపు చూస్తోంది. నాకు తెలుస్తూనే ఉంది. అడిగితే ఏం చెబుతుందోనని అడగలేదు. ఊరికి వెళ్లిపోయాను. రైల్లో కూడా, అడిగితే బాగుండేదనుకున్నాను. డిసెంబరు నుంచి మే దాకా ఆ అనుకోవడంతోనే సరిపెట్టాను.

నువ్వు అడిగావు. ఎక్కడో ఉండి, చేతిరాత చూసి అడిగావు.

ఇప్పుడు నేను రోజుకి పదిసార్లు అడుగుతున్నాను. ఇది కనబడుతోందా, అది కనబడుతోందా అని. తెగ విసుక్కుంటోంది. విసుక్కోనీ. అడుగుతూనే ఉంటాను.

అమ్మ